కాటా చీటీ లేని హార్స్‌పవర్

"లాగ్ చూస్తే తెలిసిపోతుంది సార్. రెండొందల హెచ్‌పీ. క్వార్టర్ మైలు పదహారు ఫ్లాట్."

ఫోను స్పీకర్‌లో ఉంది. అవతల ట్యూనర్. మా బావ టీ గ్లాసు బానెట్ మీద పెట్టి, విన్నావా అన్నట్టు నావైపు చూశాడు. మేమున్నది విజయవాడ ఆటోనగర్‌లో, బావ బండి చూసే మేస్త్రి షెడ్డులో. మేస్త్రి తల ఎత్తలేదు. పక్క లారీకి కమాన్ కట్టలు బిగిస్తూ, "పదహారు అంటే ఏంది? వేలా?" అన్నాడు. రీమ్యాప్‌కి, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చడానికి, ఎంతయిందో అడుగుతున్నాడనుకుని బావ ముప్పై అయిదు వేలని చెప్పాడు.

బండి ఇసుజు వీ-క్రాస్. 1.9 లీటర్ల డీజిల్, ఆరు గేర్ల మాన్యువల్. మన శ్రీసిటీలోనే తయారయింది. కంపెనీ లెక్క 163 హెచ్‌పీ, 360 న్యూటన్ మీటర్ల టార్క్. బావ కొన్న ఆర్నెల్లకే ముందు స్టీలు బంపరు, దానికో వించి, కంపెనీ సైజు కంటే పెద్ద టైర్లు పడ్డాయి. ఇక మిగిలింది ఇంజన్ ఒక్కటే. వేరే ఊరి ట్యూనర్ ఒకాయన ఫైలు పంపితే మనవాళ్లు ఎక్కించారు. తర్వాత రోడ్డు మీద ఓ లాగ్ తీసి, అంటే బండి పోతుండగా స్పీడూ ప్రెషరూ క్షణక్షణం నమోదు చేసి, ఆయనకి పంపితే వచ్చిన తీర్పు అది. రెండొందలు, పదహారు ఫ్లాట్. అంటే నిలబడ్డ చోటు నుంచి క్వార్టర్ మైలు సరిగ్గా పదహారు సెకన్లలో.

బండి మారిన మాట నిజమే. 1,800 ఆర్‌పీఎం దాటాక వీపు సీటుకి అతుక్కుంటోంది. దాంట్లో నాకు పేచీ లేదు. నా పేచీ ఆ రెండు సంఖ్యలతో, ముఖ్యంగా 'ఫ్లాట్' అనే మాటతో. మన చుట్టుపక్కల డ్రాగ్ స్ట్రిప్ లేదు. క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్లు, కొలిచి, మొదట్లో ఒక కిరణం, చివర్లో ఒక కిరణం పెట్టి టైము పట్టే చోటికి వెళ్లాలంటే చెన్నై దాకా పోవాల్సిందే. అందుకే అందరం లాగ్‌ని నమ్ముకుంటాం. నమ్మొచ్చు కూడా. నేను అనేదల్లా ఒకటే. కాటా ఎక్కని బండికి లాగ్ నుంచి హెచ్‌పీ చెప్పకూడదు. కాటా ఎక్కిన తర్వాత కూడా చివర్లో ఎంత స్పీడు ఉంటుందో చెప్పొచ్చు గానీ, ఎన్ని సెకన్లు పడుతుందో చెబితే అది జ్యోతిషమే.

ఈ మాట పూర్తిగా రుజువు చేసుకున్నానా అంటే, సగమే. ఆ సగం కథ ఇది.

మచ్చు తీసే చెయ్యి

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో ముప్పై ఏళ్లు గుమస్తాగా చేశారు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయనతో వెళ్లేవాణ్ణి. టిక్కీ, అంటే మిర్చి బస్తా, మూతి విప్పి, లోపలికి చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు బయటికి తీసి గోనె మీద పోస్తారు. అదే మచ్చు. ఆ గుప్పెడు చూసి మొత్తం లాటుకి ధర కడతారు. నాన్న కాయల కంటే ముందు చెయ్యిని చూసేవారు. పై నుంచి తీశాడా, అడుగు నుంచి తీశాడా, ఎన్ని టిక్కీల్లో తీశాడు అని.

లాగ్ కూడా మచ్చే. బండి స్పీడు గీత గీసినట్టు సాఫీగా పెరుగుతుంది. లాగర్ దాన్ని సెకనుకి ఇన్నిసార్లు చెయ్యి పెట్టి చూస్తుంది. పైగా బండి కంప్యూటర్ రీడింగులు బయటికిచ్చే ఓబీడీ పోర్టులో మామూలుగా దొరికే స్పీడు గంటకి ఇన్ని కిలోమీటర్లని పూర్ణసంఖ్యలోనే వస్తుంది. 97 లేదా 98. 97.4 అనే మాటే ఉండదు.

ట్యూనర్ పంపిన ఎక్సెల్ షీటు తెరిచి చూశాను. సెకనుకి పది రీడింగులు. స్పీడు వరుస ఇలా ఉంది: 96, 96, 97, 97, 98, 98, 99. బండి సెకనుకి అయిదు కిలోమీటర్ల చొప్పున స్పీడు పెంచుకుంటోందన్నమాట, చక్కగా. కానీ పక్క వరుసలో ఆయన వరస రీడింగుల తేడా తీసి త్వరణం కట్టాడు. స్పీడు మారని చోట త్వరణం సున్నా. ఒకటి పెరిగిన చోట సెకనులో పదో వంతుకి ఒక కిలోమీటరు కాబట్టి 2.78 మీటర్లు. ఆ పక్క వరుసలో బరువుని త్వరణంతో, స్పీడుతో గుణించి హెచ్‌పీ. దాంతో ఆయన లెక్క ప్రకారం మా బావ బండి సున్నా హెచ్‌పీ, తర్వాత 195, మళ్లీ సున్నా, మళ్లీ 190 చిల్లర. వినాయక చవితి పందిట్లో సీరియల్ బల్బుల్లా వెలిగి ఆరుతోంది. ఆయన 'పీక్' అన్న గడిలో పెద్దది ఏరుకున్నాడు. 195. దాన్ని సర్ది రెండొందలు.

ఆ పీక్ బండిది కాదు, పూర్ణసంఖ్యది. అదే షీటులో రెండు సెకన్ల సగటు తీసుకుంటే త్వరణం 1.39 వస్తుంది, అంటే సరిగ్గా సగం. అయితే ఇక్కడ ఆయన వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. బండి గాలిని తోసుకుపోవడానికీ, టైర్లు దొర్లడానికీ పోయే శక్తి ఆయన కలపలేదు. అంటే ఒక తప్పు పైకి లాగితే ఇంకో తప్పు కిందికి లాగింది. తప్పులు ఒకదాన్నొకటి కొట్టుకుని కొన్నిసార్లు నిజానికి దగ్గరగా కూడా వస్తాయి. అప్పుడు మనిషికి తన పద్ధతి మీద ఇంకా నమ్మకం పెరుగుతుంది. అదే ప్రమాదం.

255 దగ్గర గీత

అదే షీటులో టర్బో ప్రెషర్ వరుస కూడా ఉంది. 2,200 ఆర్‌పీఎం నుంచి 3,400 దాకా 255, 255, 255. "బూస్ట్ ఎంత స్టెడీగా ఉందో చూశారా సార్" అని పక్కన మెసేజ్.

ఓబీడీలో అందరూ వాడే ఆ మ్యానిఫోల్డ్ ప్రెషర్ రీడింగ్‌కి ఒక బైటు చోటే ఉంది. ఒక బైటులో పట్టే పెద్ద సంఖ్య 255. కిలోపాస్కల్స్‌లో అది వాతావరణ పీడనంతో కలిపి రెండున్నర బార్. అసలు ప్రెషర్ 260 అయినా 290 అయినా ఆ వరుసలో 255 అనే కనిపిస్తుంది. బిందె నిండాక పంపు ఎంత ధారగా వస్తోందో బిందెలో నీళ్లు చూసి చెప్పలేం కదా. మిగతాది అరుగు మీద పోతోంది. నిజంగా ఎంత పోతోందో తెలియాలంటే అంతకంటే పెద్ద చోటున్న వేరే రీడింగ్ తీసుకోవాలి, లేదా విడిగా గేజ్ బిగించాలి. స్టెడీగా ఉన్నది బూస్ట్ కాదు, సీలింగ్.

ఇంకొకటి. ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, తనంతట తాను 'ఇంజన్ టార్క్ ఇంత శాతం' అని చెప్పే వరుస ఒకటి ఉంటుంది. చాలామంది లాగ్‌లో దాన్ని చూపించి, ఇదిగో కంప్యూటరే చెప్తోంది అంటారు. కానీ ఈసీయూకి టార్క్ కొలిచే పరికరం ఏదీ లేదు. ఎంత డీజిల్ కొట్టించానో, ఆ లెక్కన ఎంత టార్క్ వచ్చి ఉండాలో తన పట్టికలు చూసి చెబుతుంది. రీమ్యాప్ అంటేనే ఆ పట్టికలు మార్చడం. ఇంజెక్టర్ తెరిచి ఉంచే సమయాన్ని పెంచి, మిగతా పట్టికలకి ఆ సంగతి చెప్పకపోతే, ఈసీయూ పాత లెక్కే అప్పజెప్తుంది. పద్దు పుస్తకం దిద్దినవాడే వచ్చి, కావాలంటే పద్దు చూసుకోండి అన్నట్టుంటుంది.

ఇది నేను పుస్తకాల్లోంచి చెప్తున్నది కాదు. రీమ్యాప్ తర్వాత బావ బండి డ్యాష్‌బోర్డులో మైలేజీ లీటరుకి 15 చూపించడం మొదలుపెట్టింది. పవర్ పెరిగింది, మైలేజీ కూడా పెరిగింది అని బావ వారం రోజులు ఊరంతా చెప్పాడు. నేను బెంజ్ సర్కిల్ దగ్గర బంకులో ఫుల్ ట్యాంకు కొట్టించి, తిరిగి, మళ్లీ ఫుల్ కొట్టించి చూపిస్తే పదకొండున్నర వచ్చింది. ఎక్కువ డీజిల్ తాగుతోందని ఈసీయూకే తెలీదు పాపం.

పీల్చే గాలి లెక్కని బట్టి హెచ్‌పీ కట్టే సూత్రం కూడా ఒకటి తిరుగుతూ ఉంటుంది. అది పెట్రోలు బండ్లది. పెట్రోలు ఇంజన్‌లో గాలికి తగ్గట్టు ఇంధనం పడుతుంది కాబట్టి గాలి కొలిస్తే శక్తి తెలుస్తుంది. డీజిల్ ఇంజన్ ఎప్పుడూ అవసరానికి మించే గాలి పీలుస్తుంది. పొగ రానంత వరకూ దాని శక్తి డీజిల్‌లో ఉంది, గాలిలో కాదు. ఆ సూత్రం గురించి ఇంతకంటే అనవసరం.

1,900 ఎక్కడిది?

పదహారు ఫ్లాట్ ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. దాని వెనక ఉన్నది ఎప్పటి నుంచో ఉన్న లెక్కే. బండి బరువుని హెచ్‌పీతో భాగించు, ఘనమూలం తియ్యి, 5.825తో గుణించు. క్వార్టర్ మైలు సెకన్లు వస్తాయి. బరువు పౌండ్లలో ఉండాలి. ప్యాట్రిక్ హేల్ అనే ఆయన పేరు మీద చలామణీలో ఉన్న సూత్రం ఇది. చివరి స్పీడుకి దీని జోడీ ఇంకోటి ఉంది. అదే ఘనమూలాన్ని తిరగేసి 234తో గుణిస్తే గంటకి ఇన్ని మైళ్లని వస్తుంది.

ఘనమూలం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. 163ని 200 చేస్తే శక్తి దాదాపు 23 శాతం పెరిగినట్టు. టైము మాత్రం ఏడు శాతం కూడా తగ్గదు. పెట్టిన డబ్బు శక్తిలో కనిపించినంతగా స్లిప్‌లో, అంటే స్ట్రిప్ వాళ్లిచ్చే టైము చీటీలో, కనిపించదు. రీమ్యాప్ చేయించుకున్న ప్రతివాడికీ మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది.

ఇప్పుడు రెండొందలు పెట్టి వెనక్కి లెక్క కడితే, పదహారు రావాలంటే బరువు ఎంత ఉండాలి? దాదాపు 1,900 కిలోలు. షీటు పై గడిలో చూశాను. సరిగ్గా 1,900 అనే ఉంది. సూత్రం 16.06 ఇస్తే, ఆ ఆరు వందో వంతులు ఆయన ఉదారంగా వదిలేశాడు. 1,900 అంటే పైన ఏమీ బిగించని బండి, డ్రైవరు కూడా లేని బండి. డ్రైవరు లేకుండా పదహారు సెకన్లలో వెళ్లే బండి అయితే నేనూ ఒకటి కొంటాను.

"బావా, కాటాకి పోదాం" అన్నాను.

"ఖాళీ బండి కాటాకెందుకు బావా, నవ్వుతారు" అన్నాడు.

నిజంగానే నవ్వారు. ఆటోనగర్ దగ్గర లారీలు తూచే వేబ్రిడ్జి అది. మా ముందు ఇనుప ఊచల లోడు, వెనక ధాన్యం లారీ. కాటా గదిలో కుర్రాడు, "లోడ్ ఏంటి సార్?" అని అడిగాడు. "మేమే" అన్నాడు బావ. పెద్ద ప్లాట్‌ఫారం మధ్యలో వీ-క్రాస్ బొమ్మకారులా నిలబడింది. ఎర్ర అంకెలు అటూ ఇటూ ఊగి 2,180 దగ్గర ఆగాయి. నేను దిగాను. 2,110. ఆ కాటా పది కిలోల మెట్లలోనే చూపిస్తుంది కాబట్టి నా 71 అక్కడ 70 అయింది. ట్యాంకు ముప్పావు ఉంది. నూట ఇరవై రూపాయలు తీసుకుని చీటీ ఇచ్చాడు.

280 కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయి? బావ 94, నేను 71. బంపరూ వించీ కలిపి ఇంకో మనిషి. మిగతాది టూల్‌బాక్సు, వెనక మూలన బావ ఎప్పటికీ దించని సగం సిమెంటు బస్తా. నన్ను దించేసి 2,110 పెట్టి, ట్యూనర్ చెప్పిన రెండొందల హెచ్‌పీనే నమ్మి లెక్క కట్టినా 16.6 వస్తుంది. ఒక్క అంకె సరిచేస్తే అర సెకను పైన పోయింది. లాగ్‌లో ఒక్క గడి కూడా ముట్టుకోలేదు.

నాకు చిరాకు తెప్పించేది ఇదే. లాగర్ కోసం వేలు పెడతాం, సెకనుకి పదా పాతికా అని కొట్టుకుంటాం. నూట ఇరవై రూపాయల కాటా చీటీ మాత్రం ఎవరూ అడగరు. మిర్చి యార్డులో కాటా వెయ్యకుండా ఎవడైనా లెక్క చెబితే రైతు ఊరుకుంటాడా?

కాజ టోల్ దాటాక

సరే, పరాయివాడి లెక్కలో తప్పులు పట్టడం తేలిక. నాది నేను చేసుకోవాలి కదా.

రోడ్డు మీద క్వార్టర్ మైలు పరుగు తీసే ఆలోచన మొదటే మానేశాను. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద రోడ్డు మీద రేసు నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికే మూడు నెలల జైలు లేదా 5,000 జరిమానా దాకా ఉంది. చట్టం సంగతి అటుంచినా, తెల్లారి అయిదింటికి కూడా మన హైవే మీద ఎదురు దారిలో పాల బండి వస్తుంది. నిజానికి అంచనాకి పూర్తి పరుగు అక్కర్లేదు. మూడో గేరులో ఒక్క లాగు లాగితే చాలు, 60 నుంచి 100 దాకా. వంద దాటనక్కర్లేదు. లాగ్‌తో అంచనా వెయ్యడం మీద నాకున్న గౌరవం అంతా ఇందుకే. పిల్లలు ఫ్లైఓవర్ల మీద చేసే పనిని ఇది అక్కర్లేకుండా చేస్తుంది.

ఆదివారం తెల్లవారుజామున కాజ టోల్ దాటాక గుంటూరు వైపు మూడుసార్లు, తిరుగు దారిలో మూడుసార్లు తీశాం. ఈసారి అద్దానికి పది హెర్ట్జ్ జీపీఎస్, అంటే సెకనుకి పది రీడింగులిచ్చేది, పెట్టాను. మొదట తేలిన విషయం, ఓబీడీ 95 అన్నప్పుడు జీపీఎస్ 100 అంటోంది. పెద్ద టైర్ల మహిమ. కంపెనీ ఇచ్చిన 255/60 ఆర్18 టైరు ఎత్తు 763 మిల్లీమీటర్లు. బావ వేయించిన 265/65 ఆర్18 ఎత్తు 802. ఒక చుట్టుకి అయిదు శాతం ఎక్కువ దూరం పోతోంది, ఆ సంగతి కంప్యూటర్‌కి ఎవరూ చెప్పలేదు. అంటే ట్యూనర్ షీటు స్పీడు విషయంలో మా బండిని తక్కువ చేసింది. స్పీడులో అయిదు శాతం తప్పుంటే త్వరణంలో కూడా అంతే ఉంటుంది, రెండూ గుణిస్తే శక్తిలో పది శాతం. ఇది మాకు రావలసిన బాకీ. ఒప్పుకోవాలి.

రెండో విషయం, గుంటూరు వైపు వెళ్తుంటే వంద దగ్గర త్వరణం 1.45, వస్తుంటే 1.33. చూపుకి బల్లపరుపు రోడ్డు. కానీ వంద మీటర్లకి ఒక్క మీటరు వాలు ఉంటే చాలు, ఈ బరువుకి ఈ స్పీడులో దాదాపు ఎనిమిది హెచ్‌పీ తేడా వస్తుంది. గాలి వాలు సంగతి సరేసరి. ఒకే వైపు తీసిన లాగ్‌ని ఎవరైనా చూపిస్తే రెండో వైపుది అడగండి. అందరూ పల్లం వైపే టెస్టు చేసుకుంటారు.

రెండింటి సగటు మళ్లీ 1.39. ట్యూనర్ షీటు సగటూ అదే రావడం యాదృచ్ఛికం. ఆయన టైర్ల తప్పు ఒక వైపు లాగితే, ఆయన లాగ్ తీసిన రోడ్డో గాలో ఇంకో వైపు లాగి ఉండాలి.

నా లెక్క ఇది. 2,180 కిలోలు, 1.39, సెకనుకి 27.8 మీటర్లు గుణిస్తే 84 కిలోవాట్లు. గాలికి పదిహేను, టైర్లు దొర్లడానికి ఏడు, చక్రాలూ షాఫ్టులూ తిప్పడానికి మూడు పైచిలుకు. మొత్తం దాదాపు 110 కిలోవాట్లు, అంటే చక్రాల దగ్గర 149 హెచ్‌పీ. ఇక్కడిదాకా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను, గాలి లెక్క తప్ప. పికప్ ముఖం ఇటుక లాంటిది, పైగా మా బావ దానికి స్టీలు బంపరు కట్టాడు.

ఇంజన్ దగ్గర ఎంత అన్నప్పుడు మాత్రం నేనూ జ్యోతిషుణ్ణే. గేర్‌బాక్సులో, డిఫరెన్షియల్‌లో 12 శాతం పోయిందనుకుంటే 169. 15 అనుకుంటే 175. 18 అనుకుంటే 182. మూడూ మర్యాదస్తులు చెప్పే అంకెలే. దేన్ని ఎంచుకోవాలో లాగ్ చెప్పదు, నా మనసు చెబుతుంది. బావ ముఖం చూస్తే 182 అనాలనిపిస్తుంది, ట్యూనర్ గొంతు గుర్తొస్తే 169 అనాలనిపిస్తుంది. అందుకే రెండు చివర్లూ పెట్టి, బావ ఒక్కడే కూర్చున్న 2,110 కిలోలకి లెక్క కట్టి, ఒక కాగితం మీద రాసిచ్చాను. 17.2 నుంచి 17.6 సెకన్లు. చివరి స్పీడు 125 నుంచి 128.

బావ చదివి, "ఒక నంబరు చెప్పు బావా. నుంచి, దాకా ఏంటి, రైలు టికెట్టా?" అన్నాడు.

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. డబ్బు పెట్టినవాడికి ఒక అంకె కావాలి, పదిమందిలో చెప్పుకోవడానికి. రేంజి చెప్పుకుంటే ఎవరూ వినరు. పైగా నా స్నేహితుడొకడు ఇంకో వాదం తెచ్చాడు. నువ్వు ఇన్ని తప్పులు లెక్కపెడుతున్నావు గానీ, రీమ్యాప్‌కి ముందూ తర్వాతా ఒకే రోడ్డు మీద, ఒకే బరువుతో, ఒకే లాగర్‌తో తీస్తే ఈ తప్పులన్నీ రెండు వైపులా సమానంగా ఉండి కొట్టుకుపోతాయి కదా, తేడా మాత్రం నికరంగా తెలుస్తుంది కదా అని. చాలా సరైన వాదం. నా దగ్గర దానికి జవాబు లేదు, ఒక్కటి తప్ప. రీమ్యాప్‌కి ముందు ఎవరూ లాగ్ తియ్యలేదు. ట్యూనర్ అడగలేదు, మాకు తోచలేదు. ఆ ఫైలు ఎక్కిన రోజే ఆ అవకాశం పోయింది. ముప్పై అయిదు వేలలో నాకు నిజంగా బాధ కలిగించే భాగం అదే.

స్లిప్

చెన్నై అవతల ఒక క్లబ్బు వాళ్లు సొంత బండ్లకి టైమింగ్ పెడుతున్నారని తెలిసి, ఒక శనివారం రాత్రి బయల్దేరాం. హైవే మీద నాలుగొందల యాభై కిలోమీటర్లు. ఒంగోలు దాటాక బావ స్టీరింగ్ నాకిచ్చి గురక పెట్టాడు.

అక్కడ ముందు వరుసలో ఎత్తు తగ్గించిన కార్లు, వాటి మధ్య మా పికప్. వెనక తొట్టి ఖాళీగా ఉంటే టైర్లు జారతాయని మేస్త్రి ముందే చెప్పాడు. "రెండు మిర్చి టిక్కీలు వేస్కోండి, పట్టు వస్తది" అని. బరువు పెరుగుతుందని నేను వద్దన్నాను. మొదటి పరుగులో వెనక చక్రాలు రెండూ అక్కడికక్కడే గిర్రున తిరిగాయి. పక్క లేనులో వాడు సగం దూరం పోయాడు. మేస్త్రి మాట వినాల్సింది.

మొదటిది 18.42 సెకన్లు, 124.6 కిలోమీటర్లు. రెండోది నాలుగు చక్రాలూ లాగే ఫోర్ హైలో వేసి వదిలితే 17.98, 125.2. మూడోది 18.05, 125.0.

స్పీడు నా రేంజి అడుగు అంచుకి తగిలింది. మధ్యాహ్నం ఎండలో తీసిన పరుగులు, కాజ దగ్గర తెల్లవారుజామున తీసిన లాగ్. పదిహేను డిగ్రీలు పెరిగితే గాలి దాదాపు అయిదు శాతం పలచబడుతుంది, కాబట్టి అడుగు అంచు నాకు సమ్మతమే. సెకన్లు మాత్రం పూర్తిగా తప్పాను. మంచి పరుగుకే దాదాపు నాలుగు పదో వంతులు తేడా.

తిరుగు ప్రయాణంలో జీపీఎస్ ఫైలు తెరిచి చూస్తే మొత్తం నష్టం మొదటి ఇరవై మీటర్లలోనే ఉంది. టర్బో నిండేదాకా బండి బతిమాలుకుంటూ కదిలింది. ఒకటో గేరు నుంచి రెండుకి మార్చేటప్పుడు బావ ఒక నిట్టూర్పు విడిచేంత సేపు తీసుకున్నాడు. మూడో గేరులో 60 నుంచి 100 దాకా తీసిన నా లాగ్‌లో ఈ రెండూ లేవు. ఉండవు. ఆ లాగ్ ఇంజన్ గురించి చెబుతుంది. మొదటి రెండు సెకన్లు క్లచ్ గురించి, టైరు గురించి, ఎడమ కాలు గురించి. వాటిని చివరి స్పీడు పెద్దగా పట్టించుకోదు, టైము మాత్రం పైసాతో సహా పట్టించుకుంటుంది. సూత్రంలో ఆ 5.825 అనే అంకె ఎవరెవరో మంచి డ్రైవర్లు ఎక్కడెక్కడో తీసిన స్టార్టులని మింగి కూర్చుంది. మా బావ స్టార్టు అందులో లేదు.

ఇంకో మెలిక కూడా ఉంది. స్ట్రిప్ గడియారం బండి కదలగానే మొదలవదు. ముందు టైరు కిరణాన్ని దాటి దాదాపు ఒక అడుగు పోయాకే మొదలవుతుంది. మా బండి లాంటిదానికి ఆ అడుగే దాదాపు 0.4 సెకను. అంటే ఇంట్లో సున్నా నుంచి 402 మీటర్ల దాకా లాగ్ తీసి స్లిప్‌తో పోల్చేవాడికి స్లిప్ ఎప్పుడూ తీపిగా ఉంటుంది. చివరి స్పీడుకి దీనికి ఎదురు పన్ను. అది చివరి ఇరవై మీటర్ల సగటు కాబట్టి, గీత దగ్గర అసలు స్పీడు కంటే ఒక కిలోమీటరు తక్కువ చూపిస్తుంది. ఇవన్నీ తెలిసీ నాలుగు పదో వంతులు తప్పాను.

సోమవారం బావ స్లిప్ ఫొటో ట్యూనర్‌కి పంపాడు. అరగంటలో ఫోను. "125.2 కదా సార్? మీరు చెప్పిన 2,110 కిలోలే పెట్టాను. 195 వచ్చింది. నేను చెప్పిందే కదా."

నేను కాగితం తీసుకుని కట్టి చూశాను. హేల్ గారి 234 పెడితే 171 వస్తోంది. మరి 195 ఎలా? కాసేపటికి వెలిగింది. రోజర్ హంటింగ్టన్ అనే పాతకాలం అమెరికన్ ఆటోమొబైల్ రచయిత సూత్రంలో అదే చోట 224 ఉంటుంది. ఘనం చేస్తారు కాబట్టి, 234కీ 224కీ మధ్య తేడా హార్స్‌పవర్‌లో 14 శాతం అవుతుంది. స్లిప్ అదే, కాటా చీటీ అదే, స్థిరాంకం మారిస్తే 24 గుర్రాలు పుట్టాయి. ఆయన అబద్ధం ఆడలేదు. తనకి నచ్చిన మచ్చు తీసుకున్నాడు.

నన్ను ఇబ్బంది పెట్టేది అది కూడా కాదు. 171 నిజమైతే 163 మీద పెరిగింది ఎనిమిది. ఆ హేల్ లెక్కకి పికప్ ఇటుక ముఖం తెలీదు కాబట్టి అసలు శక్తి ఇంకా ఎక్కువే ఉండొచ్చు. అసలు కంపెనీ బండి కూడా అదే రోజు, అదే బరువుతో ఎంత చేసేదో ఎవరికి తెలుసు? వీపు సీటుకి అతుక్కున్నది మాత్రం నిజం. మధ్య ఆర్‌పీఎంలో టార్క్ బాగా పెరిగి, చివర్లో పెద్దగా పెరగకపోయినా అలాగే అనిపిస్తుంది. ఆ అనిపించడానికే ముప్పై అయిదు వేలు న్యాయమా అంటే, బావ నవ్వుతూ బండి నడుపుతున్నాడు. నేను నవ్వలేకపోతున్నాను. అంతే తేడా.

మొన్న బావ ఫోన్ చేశాడు. బంధువుల ఇంట్లో ఇంకొకరు ఇదే బండి తీసుకున్నారట, కంపెనీ టైర్లు, కంపెనీ ఫైలు, ఇంకా ఏమీ ముట్టుకోలేదట. వారం రోజుల్లో రీమ్యాప్‌కి ఇస్తున్నారు.

"ఇవ్వనీకు," అన్నాను. "ఆదివారం దాకా ఆపు. జీపీఎస్ తీసుకుని వస్తున్నా."

"ముందు కాటాకా?"

"ముందు కాటాకే. ఆ సిమెంటు బస్తా కూడా పట్రా. నీ బండిలో ఎంత బరువుందో దీంట్లో అంతే ఉండాలి."

"అది గడ్డ కట్టింది బావా," అన్నాడు. "బరువు మారుంటుందేమో."